ఆ ఫొటోకి ఒక రోజు ముందు



పోయిన వారం, 1946లో బాబాసాహెబ్ అమెరికాలోని డుబోయిస్‌కి రాసిన ఉత్తరం గురించి చెప్పుకున్నాం. ఈ వారం 1968 మెక్సికో ఒలింపిక్స్ ఫొటో గురించి రాద్దామని సగం రాసి పెట్టుకున్నాను. ఆదివారం నాడు ఒక హాస్టల్లో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకి ఆ సగం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వచ్చింది. అందుకే ఆలస్యం. మన్నించండి.

ఆ ఫొటో మీకు తెలిసే ఉంటుంది. 200 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచిన టామీ స్మిత్, కంచు పతకం గెలిచిన జాన్ కార్లోస్ పతకాల పీఠం మీద తలలు వంచుకుని, నల్ల గ్లౌజు తొడిగిన పిడికిళ్లు పైకెత్తి నిలబడి ఉంటారు. కాళ్లకు బూట్లు ఉండవు, నల్ల మేజోళ్లే ఉంటాయి. మా జనం పేదరికం ఇది అని చెప్పడానికి. పక్కన వెండి పతకం గెలిచిన తెల్లజాతి ఆస్ట్రేలియన్ పీటర్ నార్మన్ కూడా వాళ్లకు మద్దతుగా ఛాతీ మీద బ్యాడ్జి పెట్టుకుని ఉంటాడు. యూనివర్సిటీ రోజుల్లో నా గది గోడ మీద రెండే బొమ్మలు. ఒకటి బాబాసాహెబ్‌ది, ఇంకొకటి ఇది.

హాస్టల్లో ఆ ఫొటో చూపించి గంటసేపు మాట్లాడాను. చివర్లో తొమ్మిదో తరగతి పిల్ల లేచింది. "అన్నా, ఆ ఆటల్లో నల్లోళ్ల ఆడపిల్లలు పరిగెత్తలేదా?"

"పరిగెత్తే ఉంటారమ్మా" అన్నాను. ఇంకెవరికైనా డౌట్లు ఉన్నాయా అని వెంటనే మాట మార్చాను.

నాకు తెలియదు. ఇరవై ఏళ్లు ఆ బొమ్మ కింద పడుకున్నాను, లేచాను, ఉపన్యాసాలిచ్చాను. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు రాలేదు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకు చెబుతాను.

ఆ ఫొటో 1968 అక్టోబర్ 16 నాటిది. అంతకు ఒక్క రోజు ముందు, అక్టోబర్ 15న, అదే స్టేడియంలో ఒక నల్లజాతి యువతి 100 మీటర్ల పరుగు గెలిచింది. నాలుగేళ్ల కింద టోక్యోలో కూడా అదే పరుగు ఆమే గెలిచింది. ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పరుగును వరసగా రెండుసార్లు గెలవడం అంతకు ముందు ఎవరి వల్లా కాలేదు. ఆడవాళ్లలోనే కాదు, మగవాళ్లలోనూ కాలేదు. ఆమె పేరు వయోమియా టైయస్.

పేరు ఒకసారి పైకి చదవండి. వయోమియా టైయస్.

1945 ఆగస్టు 29న జార్జియా రాష్ట్రంలోని గ్రిఫిన్‌లో పుట్టింది. తండ్రి తెల్లవాళ్ల పాల డెయిరీలో పని చేసేవాడు. తల్లి బట్టలుతికే లాండ్రీలో పని చేసేది. ముగ్గురు అన్నల తర్వాత ఈమె. అది చట్టం పెట్టి మరీ మనుషుల్ని వేరు చేసిన కాలం. తాగే నీళ్ల కుళాయి వేరు, బస్సులో సీటు వేరు, బడి వేరు. మన దగ్గర రెండు గ్లాసుల పద్ధతి తెలిసినవాళ్లకి దీని గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. దగ్గర్లో తెల్లపిల్లల బడి ఉన్నా ఈమె గంటసేపు బస్సులో కూర్చుని నల్లపిల్లల బడికి పోవాలి.

ఆ ఇంట్లో తండ్రి ఒక నియమం పెట్టాడు. అన్నలు ఆటకు పోతే చెల్లెల్ని కూడా ఆడించాలి. ఆడపిల్ల అని పక్కన కూర్చోబెడితే ఊరుకునేది లేదు. ఈమె అన్నలతో, చుట్టుపక్కల పిల్లలతో సమానంగా పరిగెత్తుతూ పెరిగింది. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో రెండు దెబ్బలు వెంట వెంటనే తగిలాయి. ఇల్లు కాలిపోయింది. తర్వాత ఏడాది తిరక్కుండానే తండ్రి పోయాడు. పిల్ల మాట్లాడటం తగ్గించేసింది. ఆ మౌనంలో ఆమెకు మిగిలింది పరుగు ఒక్కటే.

అప్పుడే ఎడ్ టెంపుల్ ఆమెను చూశాడు. నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే టెన్నెసీ స్టేట్ యూనివర్సిటీలో ఆయన ఆడపిల్లల పరుగు కోచ్. ఆ జట్టు పేరు టైగర్‌బెల్స్. 1961 వేసవి శిక్షణకు ఈమెను పిలిచాడు. పదిహేనేళ్ల పిల్ల ఊరు దాటి రైలెక్కి నాష్‌విల్ వెళ్లింది.

ఈ టైగర్‌బెల్స్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే వయోమియా ఒంటరిగా ఊడిపడిన అద్భుతం కాదు. ఆమె వెనక ఒక సంస్థ ఉంది. పెద్ద మైదానాలేం లేవు. మట్టి ట్రాక్. దాని మీద గీతలు కోచే గీసుకునేవాడు. ఆడపిల్లలకు క్రీడల స్కాలర్‌షిప్ అనే మాటే లేని కాలం కాబట్టి ఆ పిల్లలు క్యాంపస్‌లో రోజుకు రెండు గంటలు పని చేసి చదువు ఖర్చు సంపాదించుకునేవాళ్లు. పోటీలకు కార్లలో పోయేవాళ్లు. దారిలో ఏ హోటలూ వీళ్లకు అన్నం పెట్టదు. అందుకే తిండి మూట కట్టుకునే బయల్దేరేవాళ్లు. పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్డి తలుపు వీళ్లకు తెరవరు. కారు ఆపించుకుని పొలాల్లోకి పోవాలి. దేశం తరఫున ఒలింపిక్స్‌కి పోయే ఆడపిల్లలు, దేశంలో ఒంటికి పోవడానికి చోటు లేక చేలల్లోకి పోయారు. హాస్టల్ చెల్లెళ్లూ, ఈ ముక్క మీకు అర్థమైనంతగా నాకు అర్థం కాదని నాకు తెలుసు.

అదే జట్టు నుంచి వచ్చిన విల్మా రుడాల్ఫ్ 1960 రోమ్‌లో మూడు బంగారు పతకాలు గెలిచింది. చిన్నప్పుడు పోలియో వచ్చి కాలికి పట్టీలతో నడిచిన పిల్ల ఆమె. సొంత ఊరు క్లార్క్స్‌విల్ సన్మానం చేస్తానంటే, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ విడివిడిగా కూర్చునే సభకైతే రానంది. ఊరు దిగొచ్చింది.

టెంపుల్ నాలుగు దశాబ్దాల్లో 40 మందిని ఒలింపిక్స్‌కి పంపాడు. వాళ్లు 23 పతకాలు తెచ్చారు, అందులో 13 బంగారువి. ఇంకొక లెక్క ఉంది, నాకు దీనికంటే అదే ముఖ్యం. ఆ 40 మందిలో 39 మంది డిగ్రీ పూర్తి చేశారు. "వీళ్లకు ఒంట్లో బలం ఉంటది, బుర్రలో ఉండదు" అనే మాట అక్కడ నల్లవాళ్ల గురించి అన్నారు, ఇక్కడ మన గురించి అంటారు. మన పిల్ల పరుగులో ఫస్టొస్తే "పొలం పనులు చేసే ఒళ్లు కదా" అంటారు. మెచ్చుకున్నట్టే ఉంటుంది, అందులోనే తీసిపారేయడం ఉంటుంది. అలాంటి మాటకు ఆ 39 డిగ్రీలే జవాబు.

మరి పరుగులో నల్లజాతి ఆడపిల్లలే ఎందుకు ముందుకొచ్చారు? రక్తంలో ఏదో ఉందని కాదు. ఆ రోజుల్లో తెల్లవాళ్ల కాలేజీల్లో ఆడపిల్ల పరిగెత్తడం మర్యాద కాదు. ఆడవాళ్లు నాజూకు, చెమట పట్టకూడదు, ఒళ్లు పాడవుతుంది అనేవాళ్లు. 1928లో ఆడవాళ్ల 800 మీటర్ల పరుగు పెట్టి, వాళ్లు అలిసిపోయారని చెప్పి ఆ పోటీనే 1960 దాకా ఒలింపిక్స్ నుంచి ఎత్తేశారు. కానీ పత్తి చేలో పని చేసే నల్లజాతి స్త్రీని ఎవరూ ఏనాడూ నాజూకు అనలేదు. ఆమెకు ఆ మర్యాద ఎప్పుడూ దక్కలేదు కాబట్టి, ఆ మర్యాద గీసిన గిరి కూడా ఆమె చుట్టూ లేదు. తెల్లవాళ్ల కాలేజీలు వద్దనుకుని వదిలేసిన ఆటను నల్లవాళ్ల కాలేజీలు పట్టుకున్నాయి. ఇది చరిత్ర, జీవశాస్త్రం కాదు.

1964 టోక్యో. వయోమియాకి 19 ఏళ్లు. గెలుస్తుందని ఎక్కువమంది అనుకున్నది ఈమెను కాదు, ఈమె జట్టులోనే ఉన్న స్నేహితురాలు ఈడిత్ మెగ్వైర్‌ని. కోచ్ కూడా ఈమె అసలు కాలం 1968 అనే అనుకున్నాడు. హీట్స్‌లో 11.2 సెకన్లు పరిగెత్తి విల్మా రుడాల్ఫ్ ప్రపంచ రికార్డుతో సమానం చేసింది. ఫైనల్ 11.4కి గెలిచింది. ఈడిత్‌కి వెండి. ఆ తర్వాత 200 మీటర్లు ఈడిత్ గెలిచింది. ఇద్దరూ కలిసి పరిగెత్తిన రిలేలో అమెరికాకి వెండి వచ్చింది, బంగారం పోలండ్‌కి పోయింది.

ఆ 100 మీటర్లలో మూడో స్థానంలో వచ్చిన పోలండ్ అమ్మాయి ఎవా క్లొబుకొవ్‌స్కా. రిలే గెలిచిన జట్టులోనూ ఆమె ఉంది. 1967లో "నువ్వు ఆడదానివేనా" అని పరీక్ష చేసి, ఫెయిలయ్యావని చెప్పి ఆమెను ఆట నుంచి పంపేశారు. ఆమె రికార్డులు తుడిచేశారు. మరుసటి ఏడాది మెక్సికో వేసవి ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్లకు ఈ పరీక్ష తప్పనిసరి చేశారు. మగవాళ్లను ఎవరూ అడగలేదు. ఈ కథ మన దాకా వచ్చింది. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల వెండి పతకం గెలిచిన శాంతి సౌందరరాజన్, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా దళిత కుటుంబంలో పుట్టిన బిడ్డ, ఇలాంటి పరీక్షతోనే పతకం పోగొట్టుకుంది. 2014లో అదే అనుమానంతో పక్కన పెట్టిన ఒడిశా నేతపనివాళ్ల బిడ్డ ద్యుతీ చంద్, మన హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న పిల్ల, అంతర్జాతీయ క్రీడా కోర్టు దాకా పోయి 2015లో ఆ నిబంధనను నిలిపేయించింది. ఆడపిల్ల మరీ వేగంగా పరిగెత్తితే ముందు ఆమె ఒంటినే బోనెక్కిస్తారు.

ఇక 1968కి వద్దాం. ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపారు. మెక్సికోలో ఒలింపిక్స్ మొదలవడానికి పది రోజుల ముందు, అక్టోబర్ 2న, ట్లాటెలోల్కో కూడలిలో విద్యార్థుల మీద సైన్యం కాల్పులు జరిపింది. అమెరికాలో అంతకు ముందు ఏడాదే హ్యారీ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి అధ్యాపకుడు, క్రీడాకారులతో కలిసి మానవ హక్కుల కోసం ఒలింపిక్ ప్రాజెక్టు అని ఒక ఉద్యమం మొదలుపెట్టాడు. ముహమ్మద్ అలీ టైటిల్ తిరిగివ్వాలి, జాతి వివక్ష పాటించే దక్షిణాఫ్రికాను, రొడీషియాను రానివ్వకూడదు, ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఏవరీ బ్రండేజ్ దిగిపోవాలి, నల్లజాతి కోచ్‌లను పెట్టుకోవాలి. ఇవీ డిమాండ్లు. అవసరమైతే ఒలింపిక్స్‌నే బహిష్కరిద్దామన్నారు. గొప్ప ఉద్యమం. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే.

ఆ ఉద్యమం నల్లజాతి క్రీడాకారిణులను పిలవలేదు.

మీటింగుల్లో వాళ్లు లేరు. బహిష్కరించాలా వద్దా అన్న చర్చలో వాళ్ల అభిప్రాయం అడగలేదు. మేం ఏం నిర్ణయిస్తే ఆడపిల్లలు దాని వెంట వస్తారులే అనుకున్నారు. తర్వాత ఎన్నో ఏళ్లకు ఇంటర్వ్యూల్లో, 2018లో వచ్చిన తన ఆత్మకథలో వయోమియా ఈ విషయం దాచకుండా చెప్పింది. అప్పటికే ఒలింపిక్ బంగారం గెలిచిన మనిషి ఆమె. తన జనం కోసం జరిగే ఉద్యమంలో ఆమెకు కుర్చీ వెయ్యలేదు.

పిలవకపోయినా ఆమె చేయాల్సింది చేసింది. అక్టోబర్ 15న 100 మీటర్ల ఫైనల్. అమెరికా జట్టు నిక్కరు తెల్లది. ఆమె ముదురు రంగు నిక్కరు వేసుకుని ట్రాక్ మీదికి వచ్చింది. అది నా నిరసన అని ఆమే తర్వాత చెప్పింది. పందేనికి ముందు ఒళ్లు సడలడానికి బ్లాక్స్ వెనక నిలబడి డాన్సు కూడా చేసింది. పరుగు 11.08 సెకన్లలో ముగిసింది, ప్రపంచ రికార్డు. రెండోది సొంత దేశపు బార్బరా ఫెరెల్, మూడోది పోలండ్ ఇరీనా షెవిన్‌స్కా.

ఆ ముదురు నిక్కరు సంగతి ఎవరూ రాయలేదు. చూశారో లేదో కూడా తెలియదు. మర్నాడు పిడికిళ్లు లేచాయి, ప్రపంచమంతా అటే చూసింది. బ్రండేజ్ ఒత్తిడితో స్మిత్‌నీ కార్లోస్‌నీ జట్టు నుంచి తీసేసి ఒలింపిక్ గ్రామం నుంచి పంపించేశారు.

వాళ్లు వెళ్లగొట్టబడ్డాక, అక్టోబర్ 20న ఆడవాళ్ల రిలే. బార్బరా ఫెరెల్, మార్గరెట్ బెయిల్స్, మిల్‌డ్రెట్ నెటర్, చివరి బేటన్ వయోమియాది. 42.88 సెకన్లు, ఇంకో ప్రపంచ రికార్డు, ఇంకో బంగారం. తర్వాత విలేకరుల ముందు వయోమియా చెప్పింది: ఈ రిలే గెలుపును మేం జాన్ కార్లోస్‌కీ టామీ స్మిత్‌కీ అంకితం ఇస్తున్నాం అని.

ఇక్కడ చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. ఆ ఇద్దరి పక్షాన నిలబడితే ఏమవుతుందో అప్పటికే అందరూ చూశారు. అయినా తమను మీటింగుకి పిలవని ఉద్యమానికి తమ బంగారాన్ని ఇచ్చేశారు ఆ ఆడపిల్లలు.

నాకు నా కథ గుర్తొచ్చింది. చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌ల కోసం ఒకసారి నిరాహార దీక్షకు దిగాం. దిగాలన్న నిర్ణయం నా గదిలో, రాత్రి పదకొండింటికి, ఆ పోస్టర్ కిందే జరిగింది. లేడీస్ హాస్టల్ గేటు ఎనిమిదిన్నరకే మూసేస్తారు. పొద్దున్నే ఆ గేటు దగ్గరికి పోయి "పదింటికల్లా టెంటు దగ్గరికి రండి, అందర్నీ తీసుకురండి" అని చెప్పొచ్చాం. వచ్చారు. మాకంటే ఎక్కువమంది వచ్చారు. నాలుగు రోజులు మాతోపాటు కూర్చున్నారు. పేపర్లో వచ్చిన ఫొటోలో మేం ఐదుగురం మగపిల్లలమే ఉన్నాం. వాళ్లలో ఒకమ్మాయి నన్నడిగింది, "మీటింగ్ పగలు పెట్టొచ్చు కదన్నా?" అని. "ఇప్పుడు అర్జెంటు కదమ్మా" అన్నాను. మా ఆ అర్జెంటు నేను క్యాంపస్ వదిలేదాకా, మూడేళ్లు నడిచింది.

మేం ఎవర్నీ రావద్దనలేదు. ఎడ్వర్డ్స్ వాళ్లూ రావద్దని అనుండరు. గుర్తుకు రాకపోవడం చాలు. ఊరు మనల్ని వెలివాడలో పెట్టడానికి రోజూ కొత్తగా ఆజ్ఞ జారీ చెయ్యదు, అలవాటే ఆ పని చేస్తుంది. అదే అలవాటు మన మీటింగు గదిలో కూడా పని చేస్తుంటే మనకు కనబడదు.

కారంచేడు తీసుకోండి. 1985 జూలైలో ఆ చెరువు దగ్గర బిందె ఎత్తి ఎదిరించిన మున్నంగి సువార్తమ్మ పేరు మనకు తెలుసు. మంచిదే. ఊరొదిలి చీరాల శిబిరానికి చేరిన తర్వాత పిల్లల్ని సాకుతూ, గాయపడినవాళ్లను చూసుకుంటూ, పోలీసులకూ మంత్రులకూ ఎదురు నిలబడ్డ స్త్రీలలో ఇంకో మూడు పేర్లు చెప్పండి. నాయకుల పేర్లు మాత్రం మనకు వరసగా వస్తాయి.

వయోమియా తర్వాత ఏమైంది? 23 ఏళ్లకే ఒలింపిక్ పరుగు ఆపేసింది. మూడు బంగారాలు, ఒక వెండి గెలిచిన మనిషికి ఆ పతకాల వల్ల జీవితం గడిచిపోలేదు. 1973లో డబ్బులిచ్చే ప్రొఫెషనల్ పోటీలు మొదలైతే మళ్లీ ట్రాకెక్కి కొన్నేళ్లు పరిగెత్తింది. 1974లో బిల్లీ జీన్ కింగ్ లాంటి వాళ్లతో కలిసి ఆడవాళ్ల క్రీడల కోసం ఒక ఫౌండేషన్‌కి పునాది వేసిన వాళ్లలో ఈమె ఒకరు. తర్వాత లాస్ ఏంజిలెస్ ప్రభుత్వ బడుల పిల్లల్ని కొండల్లోకి తీసుకుపోయి చెట్లూ పిట్టలూ చూపించే ఉద్యోగం చాలా ఏళ్లు చేసింది. 1984 ఒలింపిక్స్ అదే ఊళ్లో జరిగితే, ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జెండా మోసిన కొద్దిమందిలో ఆమె ఉంది.

1988లో కార్ల్ లూయిస్‌కి వరసగా రెండో 100 మీటర్ల బంగారం దక్కింది, అదీ ముందు వచ్చిన బెన్ జాన్సన్ డోపింగ్‌లో దొరికిపోయాక. అది చేసిన మొదటి మనిషి లూయిస్ అన్నట్టు చాలామంది చెప్పుకున్నారు. మొదటి మగవాడు అనాలి. మొదటి మనిషి వయోమియా, అతనికి ఇరవై ఏళ్ల ముందే. ఆ తర్వాత గెయిల్ డెవర్స్, ఉసేన్ బోల్ట్, షెల్లీ ఆన్ ఫ్రేజర్ ప్రైస్, ఎలైన్ థాంప్సన్ హెరా కూడా చేశారు. వాళ్లందరికంటే ముందు ఆ దారిలో అడుగు పెట్టింది గ్రిఫిన్ డెయిరీ కూలీ కూతురు. 1999లో గ్రిఫిన్‌లో ఒక పెద్ద పార్కుకి ఆమె పేరు పెట్టారు.

ఆ రెండు పిడికిళ్ల బొమ్మ నేను గోడ మీద నుంచి తియ్యను. అది మనది, ఎప్పటికీ మనదే. దాని పక్కన ఇంకో బొమ్మ పెట్టాను. ముదురు నిక్కరు వేసుకున్న మనిషి, ఛాతీతో దారం తాకుతోంది. రెండు ఫొటోల మధ్య దూరం ఒక్క రోజు. ఆ ఒక్క రోజు దాటడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. దాటించింది తొమ్మిదో తరగతి పిల్ల.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊళ్లో, మీ క్యాంపస్‌లో జరిగిన ఏదో ఒక పోరాటం తీసుకోండి. అందులో పాల్గొన్న ఆడవాళ్ల పేర్లు, బతికున్నవాళ్లనే అడిగి, ఇంటిపేర్లతో సహా రాయండి. వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టండి. ఇంకొకటి, మీ తర్వాతి మీటింగ్ పగలు పెట్టండి.

చెల్లీ, నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. పరిగెత్తారమ్మా. అందరికంటే ముందు పరిగెత్తారు. వచ్చే ఆదివారం నీకు ఎదురుగా నిలబడి ఇదే చెబుతాను.

జై భీమ్.